లోపలి గీత

విజిల్ గట్టిగా మోగడంతో అందరితో పాటు డెబొరా కూడా ఉన్నచోటే ఒంటి మోకాలి మీదికి దిగింది. రోలర్ డెర్బీలో, కాళ్ళకి చక్రాల బూట్లు తొడుక్కుని గుద్దుకుంటూ ఆడే ఈ ఆటలో, ఎవరైనా పడి లేవలేకపోతే మిగిలినవాళ్ళు చెయ్యవలసింది అంతే. పడ్డది మన మనిషైనా పరాయి మనిషైనా సరే, చక్రాలు ఆపి, ఒక మోకాలు నేలకి ఆనించి, నోరు మూసుకుని కూచోవాలి. దగ్గరికి ఉరకకూడదు, అయ్యో అనకూడదు, ఆ మనిషి తనంతట తను లేచేదాకానో, నలుగురూ కలిసి ఎత్తేదాకానో అలాగే ఉండాలి, కదిలి వెళ్ళేటప్పుడు చప్పట్లు కొట్టాలి. ఇన్నేళ్ళలో డెబొరా ఎన్నిసార్లు ఇలా దిగిందో ఆమె మోకాలికే తెలియాలి. దిగడం ఎప్పుడూ కష్టం కాలేదు, నోరు మూసుకోవడమే కష్టంగా ఉండేది, ఎందుకంటే ఆ నోట్లో ఎప్పుడూ ఏదో ఒక మాట మెలికలు తిరుగుతూ బయటపడడానికి చూస్తుండేది. ఈసారి నోరు దానంతటదే మూతపడింది. ఎదురుగా, ట్రాక్ లోపలి గీతకి అవతల, సిమెంటు నేల మీద పక్కకి ఒరిగి, కుడి చీలమండని రెండు చేతులా పట్టుకుని పడి ఉన్న ప్రెస్లీని పడగొట్టింది తనే.

తప్పు దెబ్బ కాదు. రిఫరీ చెయ్యి కూడా ఎత్తలేదు. తలమీద చుక్క బొమ్మ టోపీ తొడుక్కున్న పిల్ల, గోడలాగా నిలబడ్డ నలుగురిని దాటుకుని పోవాలి, గోడ పోనివ్వకూడదు, ఆట మొత్తం కలిపి అంతే, ఆ కాస్త దానికోసం ఈ ఊళ్ళో ఇంతమంది ఆడవాళ్ళు పళ్ళు రాలగొట్టుకున్నారు, సెలవులు పోగొట్టుకున్నారు, ఒకరిద్దరు మొగుళ్ళని కూడా పోగొట్టుకున్నారు, దానికి మాత్రం పెద్దగా ఎవరూ బాధపడలేదు. ప్రెస్లీ మలుపులో లోపలి గీతని రాసుకుంటూ వచ్చింది, ఆ మూల మీదుగా గాల్లోకి లేవబోయింది, డెబొరా ఎడమ తుంటి తలుపు మూసినట్టు మూసింది. చుక్క పెట్టుకున్న పిల్లకి చుక్కలు కనిపించాయి. ఆ మాట బుర్రలో వెలగగానే డెబొరాకి తనమీద తనకే వెగటు పుట్టింది, పిల్ల అక్కడ కాలు పట్టుకుని పడి ఉంటే ఇక్కడ మాటలు పుడుతున్నాయి, ఈ బుర్రకి సమయమూ లేదు సందర్భమూ లేదు, చావులో కూడా ఇలాగే. వద్దు, అటు పోవద్దు. నేల చూడు. నేల మీద గీత, గీత కింద తాడు, తాడు మీద అతికించిన టేపు, టేపు అంచు లేచిపోయి దానికింద దుమ్మూ, ఎవరిదో వెంట్రుకా.

గోదాములో ఫ్యాన్లు పెద్దగా తిరుగుతున్నాయి గాని వాటివల్ల ఆస్టిన్ ఆగస్టు వేడి ఒక మూలనుంచి ఇంకో మూలకి పోవడం తప్ప ఒరిగిందేమీ లేదు. పాట ఆపేశారు కాబట్టి రేకుల కప్పు ఎండకి టిక్కుటిక్కుమనడం వినిపిస్తోంది. మోకాలి కవచం కింద చెమట జారి స్కేటులోకి దిగుతోంది. ఇవాళ ఎంపిక. ఊరి పెద్ద జట్టు, వేరే రాష్ట్రాలకి పోయి ఆడే జట్టు, దానికి ఏడాదికొకసారి జరిగే ఎంపిక. పిల్లలంతా ఇరవైల్లో ఉన్నారు, డెబొరా ఒక్కతే నడివయసు, ఆమె మాటల్లో అయితే నడుంవయసు, ఎందుకంటే ఈ వయసులో మొదట తెలిసేది నడుమే. కీళ్ళు అరిగిపోయిన మనిషి జట్టుకి కీలకం ఎలా అవుతుందని అడిగినవాళ్ళూ ఉన్నారు. ఎండాకాలం మొదట్లో డెన్వర్ నుంచి వచ్చిన కొత్త కోచ్ మార్గో మాత్రం అలా డొంకతిరుగుడుగా అడగలేదు. పోయిన వారం సాధన అయ్యాక నీళ్ళ సీసా మూత బిగిస్తూ, సూటిగా మొహం మీదే చెప్పింది.

"చూడు డెబ్, కుడిపక్కకి నా దగ్గర మనుషులు బోలెడుమంది. నాకు లోపలి గీత మీద నిలబడే మనిషి కావాలి. అక్కడ నిలబడగలిగితే జట్టులో ఉన్నట్టే. లేదంటే ఏడాదంతా రిఫరీగా ఈల ఊదుకుంటూ కూచో, అదీ మంచి పనే."

"ఈలా? నాకు ఈల రాదు, గోల వచ్చు."

మార్గో నవ్వలేదు. ఆమెకి వెంటనే నవ్వడం అలవాటు లేదు, ముందు ఆలోచిస్తుంది. లోపలి గీత మీద ఇన్నాళ్ళూ ఎవరు నిలబడ్డారో మార్గోకి తెలియదు. తెలిసినవాళ్ళు అక్కడే ఉన్నారు, ఎవరూ పెదవి విప్పలేదు.

విన్నీ. పేరు విన్నీ అనేగాని ఎవరి మాటా విన్న పాపాన పోలేదు. కోచ్ ఆగమంటే దూకేది, దూకమంటే ఆగేది, డాక్టరు ఆరు వారాలు పడుకోమంటే మూడో వారానికి చక్రాల మీదుండేది. తుంటరి విన్నీ అని చొక్కా వెనక రాసిపెట్టింది డెబొరానే, ఎందుకంటే ఆమె ఎడమ తుంటిలో ఉన్నంత తుంటరితనం టెక్సాస్ మొత్తం మీద ఇంకో తుంటికి లేదు. గోడలో విన్నీ ఎడమ చివర, లోపలి గీత మీద. ఆమెకి కుడిపక్కన డెబొరా. ఏళ్ళ తరబడి అంతే. విన్నీ కుడి అరచెయ్యి డెబొరా నడుము మీద ఆని ఉండేది, ఆ చెయ్యి నొక్కితే వెనక్కి, వదిలితే ముందుకి, చిటికెనవేలు గోకితే ఏదో బూతు జోకు అని అర్థం. అందువల్ల డెబొరా ఎడమవైపు చూడడం ఎప్పుడో మానేసింది. అటు చూడవలసిన అవసరం లేదు, ఇంట్లో వీధి తలుపు ఎవరో వేస్తారని నిద్రపోయే మనిషిలాగా. ఇవాళ ఆ తలుపు తనే వేసింది. విన్నీ వేసినట్టే వేసింది. ఎలా వచ్చిందో తెలియదు. ఎవరూ నేర్పలేదు, ఇన్నేళ్ళూ పక్కన నిలబడి కుడికంటి చూపంతా చుక్కపిల్ల మీదే పెట్టి, ఎడమపక్క ఆ తుంటి ఎలా తిరిగేదో ఒక్కసారీ చూడనేలేదు. చూడకుండానే వంటికి పట్టిందన్నమాట. తుంటి తిరిగిన మరుక్షణం డెబొరాకి ఒళ్ళంతా జలదరించింది, ఎవరిదో కోటు తొడుక్కుంటే అది సరిగ్గా సరిపోయినట్టు, జేబులో చెయ్యి పెడితే ఇంకా వెచ్చగా ఉన్నట్టు. అది సంతోషమో కాదో తేలేలోపే కింద పిల్ల కేక.

నర్సు సంచి పట్టుకుని వచ్చి ప్రెస్లీ పక్కన కూచుంది. స్కేటు విప్పకుండా ముందు వేళ్ళు కదపమంటోంది. ప్రెస్లీ వేళ్ళు కదుపుతోందో లేదో ఇక్కడికి కనిపించడం లేదు. ఈ పిల్ల చిన్నప్పుడు డెబొరా నడిపే స్కూలు బస్సులో మూడో వరస కిటికీ దగ్గర కూచునేది, ముందు పళ్ళు రెండూ లేవు, రోజూ దిగేటప్పుడు మెట్టు మీద ఆగి, మిస్ డెబ్, ఇవాళ జోకు చెప్పలేదు మీరు, అని అడ్డం నిలబడేది, వెనకాల పిల్లలు తోసేవాళ్ళు, అయినా కదిలేది కాదు. అప్పుడే అనుకోవలసింది ఇది డెర్బీకి పుట్టిందని. నిరుడు కొత్తవాళ్ళతో పాటు వచ్చి వరసలో నిలబడింది, పళ్ళు వచ్చాయి, భుజాలు వచ్చాయి. కొత్తవాళ్ళకి ఆటపేరు పెట్టడం లీగ్‌లో డెబొరా పని. మోచేతి మోలీ, కుమ్ముడు కారా, గ్రేస్ అనే ఒక సన్నపిల్లకి డిస్‌గ్రేస్, తనకి తను పెట్టుకున్నది ఢీబొరా. ఈ పిల్లకి ఇస్త్రీ ప్రెస్లీ అని పెట్టింది, అడ్డం వచ్చినవాళ్ళని మడతలు లేకుండా నేలకి పరుస్తుంది కనక. ఆరోజు విన్నీ బెంచీ మీద వెనక్కి పడి మరీ నవ్వింది. ఎవరి మాటా వినని విన్నీ, డెబొరా జోకులు మాత్రం వినేది. బాగున్నవి వినేది, బాగాలేనివి రెండుసార్లు వినేది.

"ఇది నీ జోకుల్లో అన్నిటికన్నా చెత్తది, మళ్ళీ చెప్పు."

అలా అనడానికి మనిషి ఉండాలి. జోకు చెప్పడం పెద్ద విద్య కాదు, ఎవరైనా చెబుతారు. చెత్త జోకుని మళ్ళీ చెప్పమనే మనిషి దొరకాలి. దొరికింది కాబట్టే పెళ్ళాడింది. డెర్బీలో ఆ ఆచారం ఒకటుంది, ఆటలో నీ మనిషి ఎవరో ఎంచుకుని దాన్ని డెర్బీ పెళ్ళాం అనుకోవడం, కొందరు దాన్ని సరదాకి చేస్తారు, కొందరు సరదాగా మొదలుపెట్టి ఇరుక్కుంటారు. దక్షిణం వీధిలో ఒక బారు వెనక పెరట్లో, ఉల్లిపాయ పకోడీల పళ్ళెం సాక్షిగా జరిగింది పెళ్ళి. ఉంగరాలకి డబ్బులెందుకని స్కేటు చక్రంలోంచి బేరింగు ఊడదీసింది విన్నీ, బేరింగులో రింగు ఉందిగదా ఇంకేం కావాలంది డెబొరా, తీరా చూస్తే అది చిటికెనవేలి కొసకి కూడా పట్టలేదు. ప్రమాణం మాత్రం అందరిదీ ఒకటే. నిన్ను ఆంబులెన్సులోకి ఎక్కిస్తే నీ పక్కన నేను ఎక్కుతాను. అంతే, అంతకుమించి ఒక్క ముక్క లేదు అందులో. కష్టంలో సుఖంలో అని చర్చిలో చెప్పి పెళ్ళాడిన గ్యారీ, కష్టం రాకముందే సుఖంగా వెళ్ళిపోయాడు. విన్నీ మాట నిలబెట్టుకుంది. డెబొరా మెడ కింది ఎముక విరిగిన రోజు స్కేట్లు విప్పకుండానే ఆంబులెన్సు ఎక్కింది, వాళ్ళు వద్దంటున్నా ఎక్కింది, విన్నదెప్పుడు గనక, బండి మలుపు తిరిగినప్పుడల్లా చక్రాల మీద అటూ ఇటూ జారుతూ, స్ట్రెచర్ కమ్మీ పట్టుకుని, ఒసే, నువ్వు చస్తే నీ జోకులు నా నెత్తిన పడతాయి, నేను ఒక్కటి కూడా మొయ్యలేను, అని అరుస్తూనే ఉంది. డెబొరాకి నవ్వితే ఎముక నొప్పి. నవ్వించడం ఆపలేదు.

ఆ రోజే తెలిసింది డెబొరాకి ఈ చప్పట్లు దేనికో. అప్పటిదాకా ఆమెకి అది అలవాటు, అంతే. వెల్లకిలా పడుకోబెట్టి పట్టీలు బిగించి తీసుకుపోతున్నప్పుడు, మెడ తిప్పడానికి లేదు, కంటికి రేకుల కప్పు తప్ప ఏమీ కనిపించదు, నిన్ను వదిలేసి ఆట మళ్ళీ మొదలుపెట్టేస్తారు అనిపిస్తుంది, లోకమంతా గుండ్రంగా తిరుగుతోంది నేను మాత్రం పక్కకి పడిపోయాను అనిపిస్తుంది. అప్పుడు ఆ చప్పుడు వస్తుంది నాలుగువైపుల నుంచీ. మణికట్లకి ప్లాస్టిక్ కవచాలు ఉంటాయి కాబట్టి అది చేతుల చప్పుడులా ఉండదు, వంటింట్లో పళ్ళేలన్నీ ఒక్కసారి పేర్చినట్టు ఉంటుంది. ఆ చప్పుడు వింటే చాలు, ఉన్నారు, అందరూ మోకాళ్ళ మీద ఉన్నారు, అని తెలుస్తుంది.

నర్సు ఎవరికో సైగ చేసింది. స్ట్రెచర్ అనుకుంటా. అంటే లేవదు. డెబొరా మోకాలు మార్చుకోవాలనుకుంది, మార్చుకోలేదు. వద్దనుకున్నా అటే పోతోంది మనసు, చక్రానికి బ్రేకు లేనట్టు.

ఫిబ్రవరి. విన్నీ పనిచేసే మొక్కల నర్సరీలో టమాటా నారుకి నీళ్ళు పెడుతోంది. తలలో నరం చిట్లింది. ఆటకీ దానికీ సంబంధం లేదని డాక్టర్లు చెప్పారు, పుట్టుకతో ఉన్నదట, ఎప్పుడైనా ఎక్కడైనా చిట్లేదట. నీళ్ళ గొట్టం వదలకుండా పడిపోయిందనీ, నారంతా ముంచేసిందనీ అక్కడి కుర్రాళ్ళు తర్వాత చెప్పారు. ఆంబులెన్సులో పక్కన ఎవరూ లేరు. ఎవరున్నారని అడిగితే ఎవరూ లేరనే చెప్పారు. ఆస్పత్రివాళ్ళు లూలింగ్‌లో ఉన్న వాళ్ళమ్మకి ఫోన్ చేశారు, అది వాళ్ళ పద్ధతి, డెర్బీ పెళ్ళాం అని రాసుకోవడానికి ఏ ఆస్పత్రి కాగితంలోనూ గడి ఉండదు. ఆ సమయానికి డెబొరా బస్సులో ఉంది. పిల్లలతో కలిసి గొంతు చించుకుని పాట పాడుతోంది, ప్రతి చరణంలోనూ ఒక జంతువు చేరే పాట, ఆరోజు గాడిద దగ్గరికి వచ్చారు, గాడిదలా ఓండ్రపెట్టింది డెబొరా, పిల్లలు పడిపడి నవ్వారు. సరిగ్గా అప్పుడే అని తర్వాత తెలిసింది. ఆ పాట మళ్ళీ పాడలేదు. పిల్లలు అడిగారు, మర్చిపోయానని చెప్పింది, వాళ్ళే మాటలు అందించారు, అయినా మర్చిపోయానంది.

లూలింగ్ చర్చిలో వెనక బెంచీల్లో కూచున్నారు లీగ్ ఆడవాళ్ళంతా, నల్లబట్టల్లో, మోచేతుల మీద కమిలిన మచ్చలు, ఒకామె మూతికి కుట్లు. ముందు వరసలో మిసెస్ టీగ్, విన్నీ వాళ్ళమ్మ, వీపు కర్రలాగా నిలబెట్టి, తెల్ల జుట్టు ఒక్క వెంట్రుక కూడా చెదరకుండా. ఆవిడకి డెర్బీ అంటే మొదటి నుంచీ గిట్టదు. ఆడపిల్లలు చెడ్డీలేసుకుని గుద్దుకోవడం ఏమిటని ఆవిడ. డాక్టర్లు ఎంత చెప్పినా ఆ తలకాయని ఎవరో గుద్దారనే ఆవిడ నమ్మకం. పాస్టరు మాట్లాడుతున్నాడు, అమ్మాయి చిన్నప్పుడు సండే స్కూల్లో ఎంత బుద్ధిగా ఉండేదో చెబుతున్నాడు, ఆ అమ్మాయి ఎవరో డెబొరాకి తెలియదు. వినడం మానేసింది. శవపెట్టె మూసి ఉంది. ముందు అంతదూరాన, పొడుగ్గా, కదలకుండా, పడుకుని ఉంది మనిషి, చుట్టూ అందరూ నిశ్శబ్దంగా. డెబొరా ఒళ్ళు ఆమెని అడగలేదు. బెంచీ పక్కకి జరిగి ఒంటి మోకాలి మీద దిగింది. చూసినవాళ్ళు ప్రార్థన అనుకున్నారు. వెనక బెంచీల్లో ఒక్కొక్కరే దిగారు, బట్టల గరగర, చెక్కనేల కిర్రుకిర్రు. ఎంతసేపో అలా ఉన్నారు. తర్వాత అన్నదమ్ముల పిల్లలు ఆరుగురు వచ్చి పెట్టెని ఎత్తారు. ఎత్తి, సర్దుకుని, కదిలారు.

కదలగానే డెబొరా చప్పట్లు కొట్టింది.

తనే మొదట. ఆలోచన లేదు, చేతులు లేచాయి కొట్టాయి, ఎన్నేళ్ళుగానో మనిషిని ఎత్తుకుపోతుంటే అవి చేసే పనే చేశాయి. వెంటనే వెనక అందరూ కొట్టారు. కవచాలు లేవు కదా, వట్టి అరచేతులు. పళ్ళేల చప్పుడు కాదు, మాంసం చప్పుడు. ఆ చప్పుడు చర్చి కప్పుకి తగిలి కిందికి పడుతుంటే అప్పుడు తెలిసింది ఎక్కడున్నారో. పెట్టె మోసేవాళ్ళు ఒక్క అడుగు తడబడ్డారు. మిసెస్ టీగ్ వెనక్కి తిరిగింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. ఆవిడ అందరి మొహాలూ ఒక్కొక్కటే చూసింది, దారి తెలియని ఊళ్ళో బస్సు దిగిన మనిషిలాగా, ఎవరినైనా అడుగుదామా అన్నట్టు. డెబొరా చేతులు గాల్లోనే ఆగాయి. మిగతావాళ్ళవి కూడా ఒక్కొక్కటే ఆగాయి, ఎక్కడో చివర ఒక్కరు మాత్రం తెలియక ఇంకో రెండు కొట్టారు. ఆ రెండూ ఇప్పటికీ వినిపిస్తాయి.

తర్వాత చర్చి పక్క హాల్లో, చీజ్ వేసి కాల్చిన కోడిమాంసం పళ్ళేల వరసలో, ఆవిడే దగ్గరికి వచ్చింది. చేతిలో కాగితపు ప్లేటు, అందులో ఏమీ లేదు.

"నువ్వేనామ్మా డెబొరా అంటే?"

"అవునండి మిసెస్ టీగ్."

"మా అమ్మాయి నీ గురించి చెప్పేది. బాగా నవ్విస్తావని." గొంతు పెంచకుండా, నిజంగా తెలుసుకుందామనే అడిగింది. "దేనికమ్మా ఆ చప్పట్లు? అది ఏం గెలిచిందని?"

నోటినిండా మాటలున్న మనిషి. చక్రం తిప్పితే మాట, మాట తిప్పితే నవ్వు. ఆ పూట సారీ అండి, అంది, అంతే, ఆవిడ తల ఊపి ఖాళీ ప్లేటుతో వెళ్ళిపోయింది. అప్పటి నుంచి బస్సు నడుపుతూ జవాబులు చెబుతూనే ఉంది డెబొరా, ఎర్రలైటు దగ్గర ఒకటి, రైలు గేటు దగ్గర ఒకటి. గెలిచినందుకు కాదు మిసెస్ టీగ్, మేము గెలిచినవాళ్ళకి కొట్టేవి వేరు. పడ్డందుకూ కాదు. పోతున్న మనిషికి మేం కనిపించం కదా, వినిపిస్తామని. ఉన్నామని చెప్పడానికి. అక్కడిదాకా బాగానే వస్తుంది జవాబు, తర్వాత ఆవిడ మొహమే ఎదురొస్తుంది, వింటుందా అమ్మా అది, అని అడుగుతుంది ఆ మొహం. పేరు విన్నీ. విన్నదో లేదో. ఇదివరకైతే ఇలాంటి మాట దొరికితే వెంటనే ఫోన్ చేసి చెప్పేది డెబొరా, ఎవరికి చెప్పేదంటే ఆ పేరుగల మనిషికే. ఇప్పుడు అదొక మాటలాగా తలలో గుండ్రంగా తిరుగుతోంది, బయటికి దారి లేదు, పోయినా అందుకునేవాళ్ళు లేరు.

స్ట్రెచర్ వచ్చింది. ముగ్గురు పట్టుకున్నారు. ప్రెస్లీ స్కేటు ఒకటి విప్పారు, కాలు గాలి సంచీలో బిగించారు. విరిగిందా బెణికిందా, నర్సు మొహం ఏమీ చెప్పడం లేదు. నేను విరిచాను. ఏడాదంతా సాధన చేసింది పిల్ల, ఎంపికకి రెండు నిమిషాలు ఆడింది. దెబ్బ సరైనదే, సరైనదే, సరైన దెబ్బకి కూడా ఎముక విరుగుతుంది. విన్నీ అయితే ఏం చేసేది. విన్నీ అయితే అదే దెబ్బ ఇంకా గట్టిగా కొట్టి, తర్వాత ఆస్పత్రికి ఐస్‌క్రీం తీసుకుపోయేది, సగం దారిలోనే తినేసేది. ఎత్తారు. కదిలారు. చుట్టూ చప్పట్లు మొదలయ్యాయి, కవచాల చప్పుడు, పళ్ళేల చప్పుడు, రేకుల కింద మోగిపోతోంది. డెబొరా చేతులు మోకాలి మీదే ఉన్నాయి. లేవడం లేదు. లేపుదామని చూసింది, లేవవు, అరచేతుల్లో చర్చి చప్పుడు ఇంకా ఉంది. ఆమె పక్కన ఉన్నవాళ్ళు చూస్తున్నారు, పడగొట్టినది చప్పట్లు కొట్టడం లేదేమిటని. మార్గో కూడా చూస్తోంది. స్ట్రెచర్ ఆమె ముందునుంచే పోవాలి, తలుపు అటే ఉంది. దగ్గరికి వచ్చింది. ప్రెస్లీ కళ్ళలో నీళ్ళు, ముక్కు ఎర్రగా, అయినా మెడ ఇటు తిప్పింది, తిప్పొద్దని నర్సు అంటున్నా.

"ఏంటి మిస్ డెబ్, నాకు లేవా? కొట్టండి. నేనింకా బతికే ఉన్నాను."

స్ట్రెచర్ ఆగలేదు. డెబొరా చేతులు లేచాయి. ఒకటి కొట్టింది, ప్లాస్టిక్ మీద ప్లాస్టిక్, చాలా చిన్న చప్పుడు. ఇంకోటి. ఆ తర్వాత ఆపడం తెలియలేదు, తలుపు మూసుకున్నాక కూడా, అందరివీ ఆగిపోయాక కూడా కొడుతోంది, హెల్మెట్ పట్టీ మీదుగా కారేది చెమటో కాదో ఎవరికీ పట్టలేదు, అందరి మొహాలూ తడిగానే ఉన్నాయి. బయట బండి తలుపు వేసిన చప్పుడు వినిపించింది. పిల్ల పక్కన ఎవరైనా ఎక్కారా. ఎక్కింది, కుమ్ముడు కారా ఎక్కింది, స్కేట్లతోనే పరిగెత్తడం కనిపించింది. సరే. బాగుంది.

"లేవండి. మళ్ళీ మొదలు," అంది మార్గో. "డెబ్, చెయ్యగలవా?"

"ఊఁ."

లేస్తుంటే మోకాలు టక్కుమంది. చుక్క టోపీ ఇంకో పిల్లకి ఇచ్చారు, ఎర్ర చొక్కా, పొడుగు కాళ్ళు, పేరు పెట్టింది తనే గాని ఇప్పుడు గుర్తు రావడం లేదు. నలుగురూ గోడ కట్టారు. డెబొరా లోపలి గీత మీదికి వెళ్ళి నిలబడింది. కుడిపక్క కొత్తపిల్ల, మోలీ, ఈమధ్యే ఇరవై నిండాయి, బెదురుగా ఉంది, ఎటు చూడాలో తెలియక తల అటూ ఇటూ తిప్పుతోంది. డెబొరా కుడి అరచెయ్యి ఆ పిల్ల నడుము మీద ఆనించింది. అటు చూడకు, ఇటు నేనున్నాను, అని చెప్పాలనుకుంది, చెప్పకుండా నొక్కింది. నడుము కొంచెం కుదుటపడింది. ఎడమవైపు గీత. గీతకి అవతల ఖాళీ సిమెంటు నేల, ప్రెస్లీ పడ్డచోట తడి మరక. ఇన్ని నెలలూ ప్రతి సాధనలోనూ డెబొరా తెలియకుండానే గీతకీ తనకీ మధ్య ఒక మనిషి పట్టేంత ఎడం వదిలి నిలబడేది. మొదట అరిచారు, తర్వాత జాలిపడ్డారు, చుక్క పెట్టుకున్న ప్రతి పిల్లా ఆ సందులోంచే దూరి పోయేది, రోజూ, అందరికీ తెలిసిన సందు, పేరు మాత్రం ఎవరూ ఎత్తని సందు. ఆ సందు ఉన్నంతకాలం అక్కడెవరో రావలసి ఉన్నట్టే ఉండేది. ఆలస్యమైంది, బండి దొరకలేదు, వస్తోంది అన్నట్టు.

విజిల్. చక్రాలు కదిలాయి. ఎర్ర చొక్కా పిల్లకి కూడా ఆ సందు తెలుసు. ఆమె కళ్ళు చూస్తేనే తెలిసిపోయింది, మలుపులో వంగింది, భుజం దించింది, లోపలికి, గీత వెంబడి. ప్రెస్లీ పడ్డచోటే. మళ్ళీ ఒక కాలు విరిగితే. తప్పుకుంటే ఎవరూ తప్పుపట్టరు, వయసు అంటారు, మనసు అంటారు, ఈల ఒకటి చేతిలో పెడతారు. జరిగితే సందు పోతుంది. జరక్కపోతే ఉంటుంది, కాస్త ఎడం, ఒక మనిషి వెడల్పు, ఈ భూమ్మీద విన్నీకి మిగిలిన చోటు ఇంతే. డెబొరా చక్రాలు ఎడమకి జరిగాయి. గీత అంచుదాకా జరిగాయి. తుంటి తిరిగింది, నింపాదిగా, తలుపు మూసినట్టు, పిల్ల వచ్చి దానికి తగిలి ఆగిపోయింది, పడలేదు, ఎటు పోవాలో తెలియక అక్కడే చక్రాలు రుద్దుతూ నిలబడిపోయింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ లేదు సందు. మూడోసారి రాలేదు, బయటివైపు నుంచి వెళ్ళి అక్కడ మోలీకి తగులుకుంది. విజిల్.

అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. వెనకెవరో ఢీబొరా తోపు అన్నారు, ఇంకెవరో ఈలవేశారు. మార్గో పక్కనుంచి జారుకుంటూ వచ్చి హెల్మెట్ మీద అరచేత్తో ఒకటి చరిచింది. మొదటిసారి ఆమె మొహంలో నవ్వు కనిపించింది, నిజమైన నవ్వే.

"జట్టులో ఉన్నావు. ఇంకెవరినీ చూడక్కర్లేదు నేను. ఇంత బాగా ఆడతావా ఇక్కడ? మరి ఇన్నేళ్ళూ ఈ పక్కన ఎందుకు ఆడలేదు నువ్వు?"

పాతవాళ్ళంతా తలలు వంచుకుని లేసులు చూసుకున్నారు. డెబొరా ఎడమవైపు చూసింది. గీత ఆమె చక్రాలకి ఆనుకునే ఉంది, మధ్యలో వేలు పెట్టడానికి కూడా సందు లేదు.

"ఇక్కడ చోటుండేది కాదు," అంది.